కత్తి పెద్దమ్మ కుండీలు

కత్తి పెద్దమ్మ దగ్గరికి మొక్కను తీసుకెళ్లాలంటే గుండె దిటవు ఉండాలి. మొక్కకు కాదు, తీసుకెళ్లేవాళ్లకు. ముందు తిట్లు పడతాయి. తర్వాత కుండీకి గుచ్చి ఉన్న రంగుల చీటీని, చదవనైనా చదవకుండా, పట్టి పీకి పక్కనున్న బకెట్లో పడేస్తుంది. ఆ తర్వాత కుండీని బోర్లించి అడుగున అరచేత్తో ఒక్క చరుపు చరుస్తుంది. మట్టిముద్దతో సహా మొక్క ఊడివచ్చి ఆవిడ ఒళ్లో పడుతుంది. తెచ్చినవాళ్లు అప్పటికే "అయ్యో, మెల్లిగా" అంటూ ఉంటారు. ఆ మాట ఆవిడ చెవికెక్కదు.

నాలుగిళ్ల అవతల ఉండే లెక్కల టీచరు ఒకసారి అలాగే వచ్చింది. పెద్ద దుకాణంలో ముచ్చటపడి కొన్న మొక్క, వారం తిరక్కుండా ఆకులు రాల్చేస్తోందట. చీటీ మీద రాసినట్టే అన్నీ చేశానని చెప్పుకుంది పాపం. చీటీ మీద ఉన్నది ఇంతే: "ఇంటి పచ్చదనం. ఓ మోస్తరు వెలుతురు. ఓ మోస్తరు నీళ్లు."

"ఓ మోస్తరంటే ఎంతమ్మా? నీ మోస్తరా, నా మోస్తరా?" అని పెద్దమ్మ విరుచుకుపడింది. "నీడలో బతికేదానికీ ఇదే చీటీ, ఎండలో నిలబడాల్సినదానికీ ఇదే చీటీ. పేరేంటయ్యా అంటే పచ్చదనమట! నిన్నెవరైనా పేరడిగితే ఆడమనిషిని అని చెప్పి ఊరుకుంటావా?"

అంటూనే ఒక ఆకు తుంచింది. తుంచినచోట తెల్లటి పాలు ఉబికాయి. "రబ్బరు జాతి. ఈ పాలు కళ్లలో పడనివ్వకు." మొక్క వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కుళ్లు కంపు. నల్లబడి మెత్తబడిన వేళ్లను కత్తెరతో కసకసా కత్తిరించింది. మట్టిముద్ద నడుమ వేళ్లను బిగించిన ప్లాస్టిక్ వల ఒకటి బయటపడింది. పిల్లమొక్కగా ఉన్నప్పుడు తొడిగి, తీయడం మరిచి, అలాగే అమ్మేసిన వల. దాన్ని కోసి లాగితే పీక మీది ఉరి తీసినట్టు వేళ్లు విడివడ్డాయి. ఇక రాయిలా గట్టిపడిన అడుగుభాగం మిగిలింది. పెద్దమ్మ బల్ల కింద చెయ్యి పెట్టి మాంసం కొట్టే కత్తి తీసింది. టీచరు కళ్లు గట్టిగా మూసుకుంది.

"చంపేశారు పెద్దమ్మా."

"చంపింది నువ్వు. గ్లాసులకు గ్లాసులు పోసి ముంచేశావు. నేను బతికిస్తున్నా."

అన్నట్టే అది బతికింది. కొత్త ఆకు వేశాక టీచరు దాన్ని చంకనెత్తుకుని వీధంతా చూపించుకుంది. చివర్లో పెద్దమ్మ బకెట్లోంచి ఆ చీటీ ఏరి తీసి, అప్పుడు చదివి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ పద్ధతి అది. చీటీ ఆఖర్న చూడాలి. ముందే చూస్తే ఇక కళ్లు మొక్కను చూడవు అనేది.

ఆ కత్తి ఆవిడ పెనిమిటిది. బజారులో మాంసం దుకాణం ఉండేది. ఆయనకు నడుం పట్టేశాక ఆవిడే మొద్దు ముందు నిలబడింది. ఆయన పోయాక కూడా నిలబడింది. ఎముక ఎక్కడ కొడితే ఏ వైపుకు విరుగుతుందో ఆవిడ చేతికి తెలుసు. దెబ్బ తిన్న మాంసాన్ని కళ్లు మూసుకుని పట్టుకున్నా చెప్పేది. జంతువును తోలుకొచ్చేటప్పుడు ఎవడైనా కర్రతో బాదితే ఆ చోట మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది. ఆ ముక్క కోసి అవతల పారేసేది గానీ ఎవరి సంచిలోనూ వేసేది కాదు. నోరు మాత్రం తలుపులు వేసుకున్నా నాలుగు వీధులకు వినబడేది. అంత నోరున్నా మనిషి మీద చెయ్యి చేసుకున్నది లేదు. పెనిమిటి అంతకన్నా నెమ్మదస్తుడు. మరి ఆ ఇంట్లో పుట్టినవాడికి ఆ బుద్ధి ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఆ ఒక్కగానొక్క కొడుకును అందరూ చంటి అనేవాళ్లు. ముప్పై దాటాడు, తలుపంత వెడల్పు భుజాలు, అయినా చంటే. పెద్ద దుకాణం గోదాములో సరుకులెత్తే బండి నడుపుతాడు. తల్లి భుజం అరిగిపోయి మాంసం దుకాణం మూసేసి, ఏమీ తోచక గోడలతో పోట్లాడుతున్న రోజుల్లో, గోదాములో నలిగిపోయిన మొక్కనొకదాన్ని తెచ్చి ఒళ్లో పెట్టింది వాడే. పెద్దమ్మకు మొక్కల పిచ్చి అలా పట్టుకుంది. తెల్లారితే "అమ్మా, తిన్నావా" అని అడగనిదే పనికి వెళ్లడు. "మా చంటి వెన్నముద్ద" అని ఆవిడ వీధికంతా చాటేది. సంబంధం చూసుకోవడానికి పిల్ల పెదనాన్న వచ్చి "కుర్రాడు కోపిష్టి కాదు కదమ్మా" అని అడిగితే, ఒంటి కాలి మీద లేచింది.

"కోపమా? మా చంటికా? ఆ కోపమేదో అంతా నాకే వచ్చింది. వాడికి మిగల్లేదు. పిల్లనివ్వండి, పూచీ నాది."

ఆ మాట పట్టుకుని వాళ్లు పిల్లనిచ్చారు. లాండ్రీలో ఇస్త్రీ చేసే పిల్ల. మాట తక్కువ, పని ఎక్కువ. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ మేడ మీద గదుల్లో కాపురం పెట్టారు. పెద్దమ్మ కింద ఉండిపోయింది.

వాడు పెళ్లానికి తరచూ ఒక మొక్క కొని తెచ్చేవాడు. రెండు చేతులతో కుండీని ఎదకు హత్తుకుని, తల వంచుకుని వీధిలో నడిచి వస్తుంటే చూసి పెద్దమ్మ మురిసిపోయేది. "చూశారా, పెళ్లామంటే వాడికి ఎంత ప్రాణమో!" అని టీచరుతో అనేది. టీచరు ఇంటికి వెళ్లి మొగుణ్ని దెప్పేది.

కోడలి చేతిలో మాత్రం ఒక్క మొక్కా నిలిచేది కాదు. కొన్నాళ్లకు నడుం విరిగో, కుండీ పగిలో, ఆకులు చీలికలైపోయో కిందికి వచ్చేది. గాలికి పడిందని ఒకసారి. పిల్లి దూకిందని ఒకసారి. చెయ్యి జారిందని చాలాసార్లు. పెద్దమ్మకు ఒళ్లు మండేది. ఎండకు మాడిన ఆకు ఎలా ఉంటుందో, నీళ్లు ఎక్కువై పసుపెక్కిన ఆకు ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. ఇవి అవేవీ కావు. ఇవి దెబ్బలు. "నీకు మొక్కల మీద పగేమైనా ఉందా తల్లీ? వాడు అంత ప్రేమగా తెస్తుంటే!" అని కడిగిపారేసేది. కోడలు తల వంచుకుని నిలబడేది. పెద్దమ్మ ఒక్కొక్కదాన్నీ కోసి, కట్టి, మళ్లీ నాటి బతికించేది. అవన్నీ ఇప్పుడు వసారాలో మెట్టుమెట్టునా బారులు తీరి కళకళలాడుతున్నాయి. వీధిన పోయేవాళ్లు ఆగి చూసి వెళ్తుంటారు.

ఆ వరసలో ఆవిడకు అన్నిటికన్నా ముద్దైనది లావు కాండం, తెల్లమచ్చల ఆకుల మొక్క. చీటీలో అది కూడా "ఇంటి పచ్చదనమే". దాని ఆకు కొరికితే నాలుక మొద్దుబారి మాట పడిపోతుందని మాత్రం రాయలేదు ఆ మహానుభావులు. పెద్దమ్మ దాన్ని మూగమొక్క అని పిలిచేది. సగానికి విరిగి మోడై వచ్చింది. వేళ్లకు దెబ్బ లేదని అప్పుడు కుండీ మార్చలేదు. ఏడాది తిరిగేసరికి ఆ మోడు నాలుగు కొమ్మలు వేసి, కుండీ అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి తన్నుకొచ్చాయి. ఇక కుండీ మార్చక తప్పదని ఒక మధ్యాహ్నం పెద్దమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

బోర్లించి చరిచింది. ముద్ద ఊడింది. వేళ్లు విడదీస్తుంటే మట్టిలో తెల్లటి గింజ కనబడింది. దుకాణం మట్టిలో తెల్లటి తేలికరాళ్లు కలుపుతారు, నీరు నిలవకుండా. గోటితో నొక్కితే పిండైపోతాయి. పెద్దమ్మ అలవాటుగా నొక్కింది. పిండి కాలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. గోరు నొప్పెట్టింది.

బకెట్లో నీళ్లకు కడిగి చూసింది.

పన్ను. మనిషి పన్ను. మొదలుతో సహా, ఎక్కడా పుచ్చు లేకుండా, నిండైన పన్ను.

జంతువుల పళ్లతో బతుకంతా గడిపిన మనిషి. పొరబడే అవకాశం లేదు. అయినా ఇంకేదో అయి ఉండాలని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. ఈ మొక్క విరిగి కిందికి వచ్చినరోజు కోడలు బుగ్గకు గుడ్డ కట్టుకుని ఉంది. పన్ను పుచ్చిపోతే పీకించుకున్నానని చెప్పింది. తను ఏమందో కూడా గుర్తొచ్చింది. "నీ పన్ను సంగతి తర్వాత. ముందు దీని నడుం ఎలా విరిగిందో చెప్పు" అంది.

 పెద్దమ్మ మొక్కను నేల మీదే వదిలేసి, పన్ను గుప్పిట్లో పెట్టుకుని మేడ మెట్లెక్కింది.

ఒంట్లో బాగాలేదని ఆ రోజు కోడలు పనికి వెళ్లలేదు. తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. ఒక చెయ్యి పక్కటెముకల మీద అదిమిపెట్టుకుని ఉంది. పెద్దమ్మ గుప్పిట విప్పింది.

కోడలు చూసింది. దాచుకున్న వస్తువు దొరికిపోయినట్టు ముఖం పాలిపోయింది.

"ఇది ఎక్కడ దొరికింది అత్తయ్యా?"

"నువ్వు పెట్టినచోటే."

"కింద పడింది. ఆయన గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తున్నాడు. అది చూస్తే మళ్లీ మొదలుపెడతాడని మట్టిలో దోపేశాను."

"దేంతో కొట్టాడు?"

"ఆ కుండీతోనే."

పెద్దమ్మ దగ్గరికి వెళ్లి "కుర్తా పైకెత్తు" అంది. కోడలు ఎత్తలేకపోతే తనే ఎత్తింది. పొద్దుటి దెబ్బ నల్లగా ఉంది. దాని పక్కన ఆకుపచ్చగా మారినది. ఆ కింద పాతబడి పసుపు తిరిగినది. పెద్దమ్మ వేళ్లు వాటి మీద ఆగాయి. ఇలాంటి ముక్క దుకాణంలో మొద్దు మీదికి వస్తే తను కోసి పారేసేది. తన ఇంటి మేడ మీద, తన నెత్తి మీద, ఇన్నేళ్లుగా ఇది ఉంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను అత్తయ్యా. పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. 'మా చంటి వెన్నముద్ద. ముందు నువ్వేమన్నావో అది చెప్పు' అన్నారు."

తను అన్న మాటే. పెద్దమ్మ ఎత్తిన కుర్తాను మెల్లిగా కిందికి దించింది. 

కోడలే నెమ్మదిగా అంది. "ఏం కాదులెండి. సాయంత్రం మొక్క తెస్తాడు. మొక్క తెచ్చాడంటే ఇంక కొన్నాళ్లు ఏమీ ఉండదు."

పెద్దమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. వసారాలో బారులు తీరిన కుండీలు. ఒక్కొక్కటీ ఒక్కో దెబ్బకు తెచ్చినది. తనే కట్టుకట్టి, నీళ్లు పోసి, పదిమందికీ చూపించుకున్నది. ఆవిడ అక్కడే గోడకు చేరగిలబడి నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. తన మీద తనకు అసహ్యం వేసింది, అంతే.

కాసేపటికి లేచింది. కోడలి రెక్క పట్టుకుని మెల్లిగా మెట్లు దింపి, కింద తన గదిలో కూర్చోబెట్టి, బయటినుంచి గొళ్లెం పెట్టి, వసారాలో బల్ల దగ్గర కూర్చుంది.

చంటి ఇంకా వెలుతురు ఉండగానే వచ్చాడు. రెండు చేతులతో కుండీని హత్తుకుని, తల వంచుకుని. మేడ మీదికి వెళ్లి, దిగి వచ్చాడు.

"అమ్మా, తనేది? పైన లేదు."

"ఏం తెచ్చావు?"

"మంచిదమ్మా ఇది. నీళ్లు మర్చిపోయినా ఏమీ అనదట."

పెద్దమ్మ చెయ్యి చాపి చీటీ పీకింది. ఈసారి బకెట్లో వేయలేదు. పైకే చదివింది. "తప్పులు చేసినా క్షమించే మొక్క." చదివి, దాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద పన్ను పెట్టింది.

చంటి పన్నును చూశాడు. ముఖంలో సిగ్గు కోసం తల్లి వెతికింది. అది లేదు. విసుగు ఉంది.

"అది జారిపడింది అమ్మా అప్పుడు."

"జారి కుండీలో పడిందా?"

"నీకేం చెప్పింది అది?" గొంతు మారింది. ఆ గొంతు పెద్దమ్మ అంతవరకు వినలేదు. "మొగుడూ పెళ్లాల మధ్య నీకెందుకు? లోపలుందా? తప్పుకో."

"తప్పుకోను."

వాడు ఒక్క తోపు తోశాడు. పెద్దమ్మ వెళ్లి కుండీల మెట్ల మీద పడింది. రెండు కుండీలు ఆవిడతోపాటు పడి పగిలాయి. పెదవి చిట్లి నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. గొళ్లెం తీసే ఓపిక కూడా లేనట్టు తలుపును కాలితో తన్నాడు. ఒకటి. రెండు. చెక్క చీలి గొళ్లెం ఊడి ఎగిరిపడింది. లోపల కోడలు కేక వేసింది. తర్వాత ఏదో బోల్తాపడిన చప్పుడు. జుట్టు పిడికిట చుట్టి, గుమ్మం మీదుగా ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు. ఆ పిల్ల కాళ్లు నేల మీద కొట్టుకుంటున్నాయి. మోకాలితో సరిగ్గా ఆ నల్లబడినచోటే తన్నాడు. ఆ పిల్ల నోట్లోంచి మాట కాదు, గాలి వచ్చింది.

"వదలరా!"

వదల్లేదు. రెండోసారి మోకాలు ఎత్తాడు.

పెద్దమ్మ లేచి బల్ల కింద చెయ్యి పెట్టింది. కత్తిని తిరగేసి పట్టుకుంది, పదును పైకి, వీపు కిందికి. భుజం అరిగిపోయిన సంగతి ఆ క్షణాన గుర్తులేదు. జుట్టు పట్టుకున్న చేతి మణికట్టు మీద, ఎక్కడ కొడితే విరుగుతుందో అక్కడ, దించింది.

ఆ చప్పుడు ఆవిడకు కొత్తది కాదు. పిడికిలి దానంతటదే విచ్చుకుంది.

"అమ్మా!" అని వాడు నేల మీద చుట్టుకుపోయాడు. చిన్నప్పుడు మోకాలు దోక్కుపోతే ఎలా పిలిచాడో అచ్చం అలాగే. పెద్దమ్మ ప్రాణం విలవిల్లాడింది. ఒక అడుగు వాడి వైపుకు వేసేసింది కూడా. అప్పుడు పక్కన కోడలు, చేతులు తల మీద అడ్డం పెట్టుకుని, ముడుచుకుని పడి ఉండడం కనబడింది. తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూస్తున్నట్టు. పెద్దమ్మ వేసిన అడుగు వెనక్కి తీసుకుని, ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఇంకో చెయ్యి ఉంది నీకు. లేస్తే అదీ పోతుంది."

వాడు లేవలేదు.

వీధి అంతా పోగయింది. లెక్కల టీచరు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. వచ్చిన ఎస్సై అటు విరిగిన చెయ్యినీ ఇటు చీలిన తలుపునూ చూసి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు. జనంలో ఎవరో "చంటి అలాంటివాడు కాదండీ, చాలా మెత్తని కుర్రాడు" అన్నారు.

"ఎవరు చెప్పారు నీకు?" అని పెద్దమ్మ గయ్యిమంది. చిట్లిన పెదవిలోంచి రక్తం కారుతోంది. "నేను చెప్పాను! ఈ వీధిలో గడపగడపకూ చెప్పింది నేనే. చూడకుండా చెప్పాను. ఆ మాట పీకి అవతల పారెయ్యండి." ఎస్సై వైపు తిరిగింది. "రాసుకోండి బాబూ. వాడి చెయ్యి విరగ్గొట్టింది నేను. ఈ పిల్ల పన్ను రాలగొట్టింది వాడు. ఇదిగో పన్ను. పక్కటెముకలు కూడా చూపిస్తుంది, ఆడమనిషిని పంపండి."

పెద్దమ్మ మాట రాసుకుని, మళ్లీ పిలుస్తామని చెప్పి, వాణ్ని ఆసుపత్రికీ అక్కణ్నుంచి స్టేషనుకూ తీసుకెళ్లారు. బండి ఎక్కేటప్పుడు వాడు తల్లి వైపు చూశాడు. "తిన్నావా" అని అడుగుతాడేమోనని ఆవిడకు పిచ్చి భయం వేసింది. అడిగితే తట్టుకోలేకపోయేది. వాడు అడగలేదు.

మర్నాడు పొద్దున ఛాతీకి కట్టుతో కోడలు వసారాలోకి వచ్చింది. ఆ పూటే పెదనాన్న వచ్చి తీసుకెళ్తానన్నాడు. రెండు పగిలిపోగా మిగిలిన కుండీలు అలాగే ఉన్నాయి, మెట్టుమెట్టునా, ఎండపడి మెరుస్తూ. పెద్దమ్మ చీపురు పట్టుకుని పెంకులు ఊడుస్తోంది.

"ఏది ఏ రోజుదో నాకు తెలుసు అత్తయ్యా," అంది కోడలు. "ఇది మీ పుట్టినరోజుది. ఇది నాకు జ్వరమొచ్చినరోజుది."

"ఎవరికైనా ఇచ్చేద్దాంలే. టీచరు తీసుకుంటుంది."

 కోడలు నడుం ఎత్తులో ఉన్న కుండీనొకదాన్ని తీసుకుని, వసారా అంచుకు వెళ్లి, కింది బండల మీదికి వదిలేసింది. అది భళ్లున పగిలింది. ఆకులు పైకీ వేళ్లు కిందికీ కాకుండా చెల్లాచెదురుగా పడింది.  పెద్దమ్మ నలిగిన వేళ్లన్నీ కోసి, మూడు నెలలు కంటికి రెప్పలా కాచిన మొక్క అది.

కోడలు రెండోది కూడా పడేసింది. మూడోది కింది మెట్టున ఉంది. దానికోసం వంగబోయి, పక్కటెముకలు కలుక్కుమని, గోడ పట్టుకుని నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నేళ్లలో పెద్దమ్మ ఎదుట ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి.

పెద్దమ్మ చీపురు గోడకు ఆనించింది. వంగి, ఆ కుండీని రెండు చేతులతో ఎత్తి కోడలికి అందించింది. అది పగిలాక ఇంకొకటి అందించింది. తర్వాత ఇంకొకటి. వీధిలో టీచరు నోటి మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడింది. చివరికి బల్ల దగ్గర, సగం మట్టి రాలిపోయి, నిన్నటినుంచి నేల మీదే పడి ఉన్న మూగమొక్క మిగిలింది. పెద్దమ్మ దాన్ని తిరిగి పాత కుండీలో పెట్టింది. మట్టి వేసి, వేళ్లు కప్పి, అలవాటుగా చుట్టూ అదిమింది. ఆ తర్వాత ఎత్తి పట్టుకుంది.

"ఇది బరువు," అంది. "నువ్వు వంగకు. నేనందిస్తాను."